వానలకు ముందే: పిల్లల క్యాజువాలిటీలో కేస్ షీట్ రాసే సిస్టర్లకు

మృగశిర కార్తె వచ్చిందంటే నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు క్యాజువాలిటీకి వచ్చే పిల్లల కేసులు మారిపోతాయి. వాంతులు విరేచనాలు, పాముకాటు, తేలుకాటు, పత్తికని ఇంట్లో తెచ్చిపెట్టిన పురుగుమందు తాగినవాళ్లు, ఆ వెనకాలే డెంగీ. ఆ రద్దీలో రాత పని చివరికి పోతుంది. అందుకే ఇప్పుడే చేతికి అలవాటు చేసుకోండి.

ముందు బరువు. పిల్లలకు మందులు దాదాపు అన్నీ కిలోల లెక్కనే. పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములు. ఫిట్స్‌తో వచ్చిన బిడ్డను తూచలేకపోతే పక్కన ‘అంచనా’ అని రాసి, కుదుటపడ్డాక తూచి సరిచేయండి. ఆ మాట రాయకపోతే అంచనా బరువునే మూడు డ్యూటీలూ నమ్ముతాయి. డోసు 5.0 అని రాయొద్దు, చుక్క కనబడకపోతే 50 అవుతుంది. టైం 24 గంటల లెక్కలోనే రాయండి.

వచ్చేముందు ఆర్‌ఎంపీ ఏ సూది వేశాడో, ఏ పసరు పోశారో అడిగి రాయండి. ‘అక్కడికెందుకు పోయిన్రు?’ అని గద్దిస్తే తల్లి చెప్పేది కూడా దాచిపెడుతుంది. తండా నుంచి వచ్చిన అవ్వకు తెలుగు సరిగా రాకపోతే, మాట ఎవరు మార్చి చెప్పారో కూడా ఒక ముక్క రాయాలి.

విరేచనాల బిడ్డకు ‘డీహైడ్రేషన్ ఉంది’ అని రాస్తే తర్వాతి సిస్టర్‌కు ఏం తెలుస్తుంది? కళ్లు లోతుకు పోయాయా, నీళ్లు ఆత్రంగా తాగుతున్నాడా, అసలు తాగలేకపోతున్నాడా, పొట్ట మీద గిల్లి వదిలితే చర్మం సర్దుకోవడానికి 2 సెకన్లు దాటుతోందా, ఇవి రాయండి. తీవ్రంగా ఉంటే రింగర్ లాక్టేట్ అనే సెలైన్ ఏడాదిలోపు బిడ్డకు మొదటి గంటలో కిలోకు 30 మి.లీ., తర్వాతి 5 గంటల్లో 70. ఏడాది దాటితే అదే 30 అరగంటలో, 70 రెండున్నర గంటల్లో. బాటిల్ ఎప్పుడు మొదలైందో రాయకపోతే ఈ లెక్కకు తలాతోకా ఉండదు. ఆర్డర్‌లో ఉన్నది వేరు, లోపలికి పోయింది వేరు. గంట గంటకూ పోయిందే రాయాలి.

పాముకాటులో కాటు టైం, కట్టు విప్పిన టైం, వాపు ఎక్కడిదాకా వచ్చిందో పెన్నుతో గీత గీసి ఆ టైం. రక్తం గడ్డకట్టే పరీక్షకు గాజు ట్యూబు కదలకుండా పెట్టిన నిమిషం రాసుకుని, సరిగ్గా 20 నిమిషాలకు చూడండి. పాము విరుగుడుకు కిలోల లెక్క లేదు, పిల్లలకూ పెద్దల డోసే. చిన్నవాడని పాము విషం తగ్గించి వదలదు కదా! కొత్తవాళ్లు చార్ట్ చూసి కంగారుపడి సగం చేయొద్దు, అనుమానముంటే డాక్టర్‌ను అడగండి. ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) సంగతి కూడా అప్పుడే చూసుకోవాలి. తేలుకాటుకైతే ప్రాజోసిన్ మందు ఇచ్చిన టైం, ఆ తర్వాతి బీపీలు పక్కపక్కనే ఉండాలి.

డెంగీ పిల్లలకు ‘జ్వరం లేదు, బాగున్నాడు’ అన్న రాత నాకు అస్సలు నచ్చదు. ప్రమాదం ఎక్కువగా జ్వరం తగ్గే వేళకే మొదలవుతుంది. ఆ రోజు జ్వరానికి ఎన్నో రోజో, కడుపునొప్పి, వాంతులు, చేతుల చల్లదనం, పల్స్, బీపీ, మూత్రం రాయండి. డైపర్ తడికి ముందూ తర్వాతా తూస్తే పెరిగిన ప్రతి గ్రాము సుమారు ఒక మి.లీ.

తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి సంతకం, టైం వేయండి. వైట్‌నర్ వద్దు.

హైదరాబాద్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి పంపేటప్పుడు చివరి డోసుల టైంలు ఉన్న కాగితం 108లో బిడ్డతోనే పోవాలి, వెనక బండి మీద వచ్చే తండ్రి జేబులో కాదు. కాపీ వార్డులో ఉంచుకోండి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో మాత్రం పెట్టొద్దు.