రియాక్టర్ ట్రిప్ అయితే కంగారెందుకు? అణు విద్యుత్ కేంద్రంలో వచ్చే తంటాలు, కారణాలు, పరిష్కారాలు

పేపర్లో ఎక్కడైనా "రియాక్టర్ ట్రిప్" అని, అంటే ఏదో తేడా వచ్చి రియాక్టర్ దానంతటదే ఆగిపోయిందని, పడితే చాలు, మా మావయ్య ఫోన్ చేసేవాడు, "ఏరా, అంతా బానే ఉందా?" అని. ట్రిప్ అయిందంటే బాగున్నట్టే మావయ్యా, ఆగాల్సినప్పుడు ఆగకపోతేనే భయపడాలి అంటే నమ్మేవాడు కాదు. కొన్నేళ్లు కంట్రోల్ రూమ్‌లో షిఫ్టులు చేసినవాణ్ని కాబట్టి ఆయన అడిగినవీ అడగనివీ కలిపి ఇక్కడ రాస్తున్నా. బండి రిపేరు పుస్తకంలో ఉన్నట్టే: ఏం కనిపించింది, వెనక ఏముంది, ఏం చేయాలి.

సమస్య: గ్రిడ్ పోయింది, రియాక్టర్ ఆగింది. గంటలో గ్రిడ్ వచ్చేసినా రియాక్టర్ ఎల్లుండి దాకా లేవనంటోంది

కారణం: జీనాన్-135. యురేనియం చీలినప్పుడు అయోడిన్-135 పుడుతుంది, అది 6.6 గంటల అర్ధాయువుతో, అంటే ప్రతి 6.6 గంటలకి సగం చొప్పున, జీనాన్‌గా మారుతుంది. గొలుసు చర్యను నడిపే న్యూట్రాన్లను మింగడంలో ఈ జీనాన్‌ను మించింది లేదు. రియాక్టర్ నడుస్తున్నంతసేపూ ఇబ్బంది లేదు, పుట్టిన జీనాన్‌ను ఆ న్యూట్రాన్లే ఖర్చు చేసేస్తుంటాయి. ఆపగానే ఖర్చు ఆగిపోతుంది కానీ జమ ఆగదు, నిల్వ ఉన్న అయోడిన్ అంతా జీనాన్ అవుతూనే ఉంటుంది. సుమారు పది గంటలకు అది గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతుంది. మన భారజల (బరువైన హైడ్రోజన్ ఉండే నీటి) రియాక్టర్లు నడిచేది సహజ యురేనియంతో, అంటే మొదటి నుంచీ మిగులు శక్తి తక్కువ. అందుకే ట్రిప్ అయిన నిమిషం నుంచి చేతిలో ఉండేది దాదాపు అరగంట. అది దాటితే సుమారు ఒకటిన్నర రోజు కూర్చోవాల్సిందే.

ఆ అరగంట చూసినవాళ్లకే తెలుస్తుంది. షిఫ్ట్ ఇంచార్జి ఒక కన్ను గోడ గడియారం మీద, ఒక కన్ను ప్రింటర్ మీద పెట్టి, ట్రిప్ ఎందుకైందో పక్కాగా తేలిందా లేదా అని అడుగుతూ ఉంటాడు. ఫోన్లు మోగుతూనే ఉంటాయి, ఎవరూ ఎత్తరు.

పరిష్కారం: కారణం తేలి, సరిదిద్దడం అయిపోతే న్యూట్రాన్లను మింగుతూ లోపల ఉండే అడ్జస్టర్ రాడ్లు పైకి తీసి వెంటనే స్టార్ట్ చేయొచ్చు. తేలకపోతే గడియారాన్ని వదిలేయడమే, ఒకటిన్నర రోజు కరెంటు నష్టం ఒప్పుకోవడమే. ఇంకా మంచి దారి ఏంటంటే అసలు ఆపకుండా ఉండటం. గ్రిడ్ పోయినా రియాక్టర్ పవర్‌ను మూడింట రెండొంతుల దగ్గర నిలిపి, వచ్చిన ఆవిరిని టర్బైన్‌కి పంపకుండా పక్కదారిన వదిలేస్తారు. ఆవిరి వృథానే, కానీ జీనాన్ పేరుకోదు. దీన్ని పాయిజన్ ప్రివెంట్ మోడ్ అంటారు.

ఇక చేయకూడనిది: మొండికేసిన రియాక్టర్‌ని బలవంతంగా లేపడం. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజామున చెర్నోబిల్‌లో జరిగింది అదే. పవర్ పడిపోయి జీనాన్ పేరుకుంటుంటే, ప్రయోగం ఆగిపోకూడదని కంట్రోల్ రాడ్లు దాదాపు అన్నీ బయటికి లాగేశారు.

సమస్య: రియాక్టర్ ఆపేశారు. లోపల వేడి మాత్రం తగ్గట్లేదు

కారణం: గొలుసు చర్య ఆగినా, చీలిన ముక్కలు రేడియోధార్మికత వల్ల వేడి ఇస్తూనే ఉంటాయి. కట్టెల పొయ్యిలో నిప్పుల మీద నీళ్లు చల్లితే ఆరతాయి, వీటి మీద ఎన్ని నీళ్లు పోసినా ఆరవు, వాటంతట అవి తగ్గేదాకా వేడిని మోసుకుపోతూ ఉండాలంతే. 220 మెగావాట్ల కరెంటు ఇచ్చే రియాక్టర్‌లో పుట్టే వేడి 750 మెగావాట్ల దాకా ఉంటుంది. ఆపిన క్షణంలో అందులో 6, 7 శాతం మిగులుతుంది, అంటే 50 మెగావాట్లు. గంటకి ఒకటిన్నర శాతానికి వస్తుంది. ఒక రోజు గడిచినా అర శాతం ఉంటుంది, అంటే సుమారు 4 మెగావాట్లు, ఇళ్లలో వాడే 2 కిలోవాట్ల గీజర్లు 2,000 ఒకేసారి వేసినంత.

పరిష్కారం: పంపులు తిప్పడానికి ఎప్పుడూ కరెంటు ఉండాలి. గ్రిడ్, అది పోతే డీజిల్ జనరేటర్లు, మధ్యలో బ్యాటరీలు. మరి ఇవన్నీ ఒకేసారి పోతే? 1993 మార్చి 31న ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో అదే అయింది. టర్బైన్ చివరి దశ బ్లేడ్లు రెండు విరిగాయి, ఆ అదురుకి జనరేటర్ సీళ్లు పోయి, దాన్ని చల్లబరిచే హైడ్రోజన్ బయటికొచ్చి అంటుకుంది, మంట కేబుళ్ల వెంట పాకింది. మామూలు కరెంటు కేబుళ్లు, ఎమర్జెన్సీ కేబుళ్లు ఒకే దారిలో ఉండటంతో అన్నీ కలిసి పోయాయి. కంట్రోల్ రూమ్‌లోకి పొగ రావడంతో లోపలివాళ్లు బయటికి రావాల్సి వచ్చింది. దాదాపు 17 గంటలు స్టేషన్ అంతా చీకటే.

అయినా ఇంధనం దెబ్బతినలేదు. భారజలం పంపు లేకుండానే తిరిగింది: వేడెక్కిన నీరు పైకి పోతుంది, స్టీమ్ జనరేటర్లో చల్లబడి కిందికి దిగుతుంది. ఆ స్టీమ్ జనరేటర్లకి నీళ్లు అందించినవి మంటలార్పడానికి పెట్టుకున్న డీజిల్ ఫైర్ పంపులు! ఆ తర్వాత బ్లేడ్ల డిజైన్ మార్చారు, కేబుళ్లను వేరు వేరు దారుల్లో, మధ్యలో మంట దాటని అడ్డాలతో వేశారు. 2011లో ఫుకుషిమాలో కూడా భూకంపం రాగానే నడుస్తున్న రియాక్టర్లు సరిగ్గానే ఆగాయి. సునామీ నీళ్లు బేస్‌మెంట్‌లో ఉన్న డీజిల్ జనరేటర్లను ముంచాకే అసలు కథ మొదలైంది.

సమస్య: ఫిల్టర్లు ఊరికే మూసుకుపోతున్నాయి, అలారాలు ఊరికే మోగుతున్నాయి

దీన్ని ఎవరూ సమస్య అనరు, చిరాకు అంటారు. నాకైతే అన్నిటికన్నా భయం ఇదే.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో డేవిస్-బెస్ అనే ప్లాంటు ఉంది. కంటైన్‌మెంట్ (రియాక్టర్ చుట్టూ ఉండే గట్టి భవనం) గాలిలో రేడియేషన్ కొలిచే మానిటర్‌కి ఒక ఫిల్టర్ ఉంటుంది, మామూలుగా నెలకోసారి మారిస్తే సరిపోతుంది. అది రెండు రోజులకోసారి మూసుకుపోవడం మొదలైంది, అదీ తుప్పు రంగు దుమ్ముతో. వాళ్లేం చేశారంటే, ఫిల్టర్లు త్వరత్వరగా మారుస్తూ, గాలిని వడకట్టే యంత్రాలు తెచ్చి లోపల పెట్టారు. ఆ తుప్పు ఎక్కడిదని మాత్రం చివరిదాకా వెతకలేదు. రియాక్టర్ మూత మీది ఒక గొట్టానికి పగులు వచ్చి, బోరిక్ ఆమ్లం కలిసిన నీరు ఏళ్ల తరబడి సన్నగా కారుతూ మూత ఉక్కును తినేసింది. 2002 మార్చిలో చూసేసరికి 16 సెంటీమీటర్ల పైగా మందం ఉక్కు పోయి, అడుగున సెంటీమీటరు మందం స్టెయిన్‌లెస్ స్టీలు పొర మిగిలింది. లోపల వాతావరణ పీడనానికి 150 రెట్ల ఒత్తిడి, దాన్ని ఆపుతున్నది ఆ పొరొక్కటే. అంతకు కొన్ని నెలల ముందే తనిఖీకి ఆపమని నియంత్రణ సంస్థ అడిగితే, ఎలాగూ త్వరలో షట్‌డౌన్ ఉంది కదా అని ఫిబ్రవరి దాకా వాయిదా వేయించుకున్నారు. చివరికి ప్లాంటు రెండేళ్లు మూతపడింది.

నా సంగతీ చెప్తా. మన ప్లాంట్లలో నేల మీద తడి తగిలితే మోగే చిన్న లీక్ డిటెక్టర్లు ఉంటాయి, బీటిల్ అంటారు. ఒక వారం రాత్రి షిఫ్టులో ఒకే బీటిల్ రెండుసార్లు మోగింది, రెండుసార్లూ ఎవరో నేల తుడిచిన నీళ్లే. మూడోసారి మోగితే మళ్లీ అదేలే అని రాసేయబోతున్నా. మా సీనియర్ పెన్ను పట్టుకుని ఆపి, "శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లిందా?" అన్నాడు. వెళ్లింది. భారజలమే. ఒక పంపు గ్లాండ్ (షాఫ్ట్ చుట్టూ ఉండే సీలు) దగ్గర నుంచి చుక్కలు చుక్కలుగా.

పరిష్కారం: నీళ్లు కనిపిస్తే మామూలు నీళ్లా, భారజలమా అని ల్యాబ్ చెప్పాలి, మన కన్ను కాదు. భారజలం మణుగూరులాంటి చోట్ల ఎంతో ఖర్చుతో తయారయ్యే సరుకు, పైగా రియాక్టర్‌లో తిరిగాక అందులో ట్రిటియం అనే రేడియోధార్మిక హైడ్రోజన్ ఉంటుంది, కాబట్టి ఒక్క చుక్క కారినా అటు డబ్బూ పోతుంది, ఇటు మనుషులకి తగిలే రేడియేషన్ డోసూ పెరుగుతుంది.

సమస్య: మీటర్ల ప్రకారం నీళ్లు నిండా ఉన్నాయి, ఇంధనం మాత్రం కాలిపోతోంది

1979 మార్చి 28, అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ ప్లాంటు, తెల్లవారుజాము 4 గంటలు. ఒత్తిడి తగ్గించడానికి తెరుచుకున్న రిలీఫ్ వాల్వు మళ్లీ మూసుకోలేదు. ప్యానెల్ మీద దాని దీపం ఆరిపోయింది, అంటే మూసుకుందనే కదా ఎవరైనా అనుకుంటారు? ఆ దీపం చెప్పేది "మూసుకోమని ఆర్డరు వెళ్లింది" అని మాత్రమే. వాల్వు నిజంగా మూసుకుందో లేదో దానికి తెలియదు. ఇటు ప్రెషరైజర్‌లో (నీటి ఒత్తిడిని నిలబెట్టే ట్యాంకులో) నీటిమట్టం పెరుగుతూ కనిపించింది. నీళ్లు ఎక్కువైపోతున్నాయనుకుని ఎమర్జెన్సీ నీళ్లు తగ్గించేశారు. నిజానికి కోర్‌లో, అంటే ఇంధనం ఉండే చోట, నీరు ఆవిరైపోతోంది. రెండు గంటల ఇరవై నిమిషాల తర్వాత, అప్పుడే డ్యూటీకి వచ్చినవాళ్లు చూసి వెనక ఉన్న ఇంకో వాల్వు మూయించారు. అప్పటికే ఆలస్యమైంది, కోర్‌లో దాదాపు సగం కరిగింది.

పరిష్కారం: ఆర్డరు కాదు, వాల్వు అసలు స్థితిని చూపించే సూచిక పెట్టాలి. నీరు మరిగే స్థితికి ఎంత దూరంలో ఉందో చెప్పే మీటరు పెట్టాలి. దీనికన్నా పెద్ద మార్పు పుస్తకాల్లో వచ్చింది. అంతకుముందు ఎమర్జెన్సీ పుస్తకాలు "ఫలానా పైపు పగిలితే ఇలా చేయండి" అని ఉండేవి, అంటే ఏం పగిలిందో ముందే తెలియాలి! ఆ తర్వాత లక్షణాన్ని బట్టి నడిచే పద్ధతి వచ్చింది: కారణం తర్వాత తేల్చుకో, ముందు కోర్‌కి నీళ్లున్నాయా, వేడి బయటికి పోతోందా చూడు.

సమస్య: కండెన్సర్ వాక్యూమ్ పడిపోతోంది

కారణం: టర్బైన్‌లోంచి వచ్చిన ఆవిరిని చల్లబరిచి నీరు చేసేది కండెన్సర్, దానికి చల్లటి నీళ్లు సరిగ్గా అందకపోతే లోపలి వాక్యూమ్ పడిపోతుంది. అడ్డుపడేది చాలాసార్లు సముద్రమే. కల్పాక్కంలో నీళ్లు సముద్రం కింద 468 మీటర్ల సొరంగం గుండా వస్తాయి, దాని గోడలకి ఆల్చిప్పలు పట్టేస్తాయి. సీజన్‌లో జెల్లీ చేపలు గుంపుగా వచ్చి జల్లెళ్లకి అతుక్కుంటాయి. 2025 ఆగస్టులో ఫ్రాన్స్‌లో గ్రావ్‌లీన్ దగ్గర నాలుగు రియాక్టర్లు ఈ జెల్లీ చేపల వల్లే ఆగిపోయాయి. పరిష్కారంలో గొప్పేమీ లేదు: క్లోరిన్ వేయడం, జల్లెళ్లు తిప్పి కడగడం, పవర్ తగ్గించుకోవడం, అవి వెళ్లిపోయేదాకా ఆగడం.

సమస్య: మిషన్ అంతా సవ్యంగా ఉంది, పవర్ మాత్రం సగమే

కారణం: ఇంధనం లేకపోవడం. 2008 ప్రాంతంలో మన రియాక్టర్లు సగటున సగం సామర్థ్యానికి కాస్త అటూ ఇటూగా నడిచాయి, దేశంలో యురేనియం చాలక. 220 మెగావాట్ల రియాక్టర్‌లో ఇంధనం పెట్టే 306 ఛానెళ్లు (గొట్టాలు), ఒక్కోదానిలో 12 ఇంధన బండిళ్లు ఉంటాయి. అర మీటరు పొడవుండే ఆ బండిళ్లన్నీ హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ నుంచి రావాల్సిందే. రియాక్టర్ నడుస్తుండగానే ఫ్యూయలింగ్ మిషన్ ఒక చివర కొత్త బండిల్ తోస్తే, ఇంకో చివర పాతది బయటికొస్తుంది. కొన్ని రోజులు తోయకపోతే పవర్ దిగిపోతుంది. 2008 సెప్టెంబర్‌లో అణు సరఫరా దేశాల బృందం అణు వ్యాపార ఆంక్షల నుంచి మనకి మినహాయింపు ఇచ్చాక దిగుమతులు మొదలయ్యాయి, తర్వాత కడప జిల్లా తుమ్మలపల్లె గని కూడా వచ్చింది. 2018 డిసెంబర్ 31 దాకా కర్ణాటకలోని కైగా-1 ఏకధాటిగా 962 రోజులు నడిచి అప్పటి ప్రపంచ రికార్డు కొట్టింది. ఇంధనం వేయడానికి ఆపాల్సిన పని లేకపోబట్టే అది సాధ్యమైంది.

సమస్య: ఇంధనం ఇంత చవక, కరెంటు ఎందుకంత ఖరీదు?

కారణం: వడ్డీ. బొగ్గు ప్లాంటులో ఖర్చు బొగ్గుది, ఇక్కడ ఖర్చంతా కట్టడానిది. లెక్క కోసం 100 కోట్లు 9 శాతానికి తెచ్చారనుకోండి. ఆరేళ్లలో ప్లాంటు లేస్తే అసలూ వడ్డీ కలిపి బాకీ 168 కోట్లు. పన్నెండేళ్లు పడితే 281 కోట్లు. సిమెంటు అదే, ఉక్కు అదే. అమెరికాలో వోగెల్ ప్లాంటు రెండు కొత్త యూనిట్లకి మొదటి అంచనా 1,400 కోట్ల డాలర్లు, 2024లో పూర్తయ్యేసరికి 3,000 కోట్లు దాటింది, మధ్యలో డిజైన్ చేసిన వెస్టింగ్‌హౌస్ 2017లో దివాలా పిటిషన్ వేసింది. శ్రీకాకుళం జిల్లా కొవ్వాడకి అనుకుంటున్నవి ఆ రకం రియాక్టర్లే, 1,208 మెగావాట్లవి ఆరు.

పరిష్కారం: ఒకే డిజైన్‌ను వరసగా కట్టుకుంటూ పోవడం, కట్టే మనుషులు చెదిరిపోకుండా చూసుకోవడం. 2017లో 700 మెగావాట్ల రియాక్టర్లు పదింటికి ఒకేసారి అనుమతిచ్చింది ఈ ఉద్దేశంతోనే. వాటికన్నా ముందే, అదే రకంలో 2010లో మొదలైన గుజరాత్‌లోని కాక్రాపార్-3 వాణిజ్య ఉత్పత్తికి 2023లో వచ్చింది, నాలుగోది మరో తొమ్మిది నెలల్లో వచ్చేసింది. కట్టాక రాత్రీ పగలూ పూర్తి పవర్ మీద నడపాలి, ఎందుకంటే ఆగి ఉన్నా వడ్డీ ఆగదు.

కొవ్వాడలో కరెంటు యూనిట్ ఎంత పడుతుందిరా అని మావయ్య ఇప్పటికీ అడుగుతుంటాడు. మొదటి కాంక్రీటు ఏ రోజు పడుతుందో, గ్రిడ్‌కి ఏ రోజు కలుపుతారో నువ్వు కనుక్కుని చెప్పు మావయ్యా, మధ్యలో వడ్డీ లెక్క నేను కట్టి పెడతా అన్నాను.