జిఫీ: ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు

ఇంగ్లీషు సంభాషణల్లో వినిపించే జిఫీ అనే పదానికి అతి తక్కువ సమయం అని అర్థం. ‘చిటికెలో’, ‘ఇట్టే’ అని మనం ఎంత తేలికగా అంటామో, ఇంగ్లీషువారు ‘ఇన్ ఎ జిఫీ’ అని అంతే తేలికగా అంటారు. ఈ పదం 18వ శతాబ్దం చివరి నుంచి వాడుకలో ఉన్నప్పటికీ, ఎలా పుట్టిందో నిఘంటుకారులు తేల్చలేకపోయారు.

ఇది ఒంటరిగా రావడం తక్కువ. చాలావరకు ‘ఇన్ ఎ’ తరువాతనే వస్తుంది. ‘ఐ విల్ బి బ్యాక్ ఇన్ ఎ జిఫీ’ అంటే ఇప్పుడే వచ్చేస్తానని చెప్పడం. తెలుగులో ఆర్టికల్స్ లేనందువల్ల మనలో చాలామంది నడుమనున్న ‘ఎ’ను వదిలేసి ‘ఇన్ జిఫీ’ అంటుంటారు, అది తప్పు. జరగబోయే పనికే కాక, జరిగిపోయిన పనికీ ఈ పదం సరిపోతుంది: ‘షి ఫిక్స్‌డ్ ఇట్ ఇన్ ఎ జిఫీ’ అంటే ఆమె దాన్ని ఇట్టే బాగుచేసేసిందని.

క్షణమనే అర్థముంది కదా అని ‘మోమెంట్’ ఉన్న ప్రతిచోటా దీన్ని పెట్టడం కుదరదు, ఎందుకంటే జిఫీ చెప్పేది పని ఎంత త్వరగా పూర్తవుతుందన్న సంగతినే తప్ప, అది సరిగ్గా ఏ క్షణాన జరిగిందన్న సంగతిని కాదు. ‘ఆ క్షణంలో నాకు విషయం బోధపడింది’ అనడానికి ‘ఎట్ దట్ మోమెంట్’ అనాలి. అక్కడ జిఫీ అంటే వినేవారికి వింతగా తోస్తుంది. అంకెలతో కలిపి ‘టూ జిఫీస్’ అనడమూ మామూలు మాటల్లో అరుదే.

సాంకేతిక రంగంలో మాత్రం దీనికి కచ్చితమైన కొలత ఉంది. లినక్స్ అనే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెలాంటి భాగమైన కెర్నల్‌లో టైమర్ ఒక్కసారి టిక్‌మనడానికి పట్టే వ్యవధిని జిఫీ అంటారు. ఆ టైమర్‌ను సెకనుకు 100 సార్లకు అమర్చితే జిఫీ 10 మిల్లీసెకన్లు, 1000 సార్లకు అమర్చితే 1 మిల్లీసెకను అవుతుంది. రోజువారీ మాటల్లోని జిఫీని ఇలా కొలవనక్కరలేదు.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది సందర్భం విషయంలో. స్నేహితులతో, బాగా చనువున్న సహోద్యోగులతో ఈ మాట హాయిగా చెల్లుతుంది. దరఖాస్తులో, ఒప్పందపత్రంలో, సంతాప సందేశంలో వాడితే ఎదుటివారి విషయాన్ని తేలికగా తీసుకున్నట్లు ధ్వనిస్తుంది కనుక, అటువంటి చోట్ల ‘షార్ట్‌లీ’ అని రాయడం మర్యాద. గడువు ముందే తెలిసి ఉంటే ఆ గడువునే రాయడం ఇంకా మేలు.