టఫెన్డ్ గాజు: కొలిమికి ముందే ముగించవలసిన పనులు

టఫెన్డ్ గాజు, అంటే కాచి వెంటనే చల్లార్చి బలపరచిన గాజు, పలకగా చేయించదలచినవారు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఏమిటంటే, కోత, రంధ్రాలు, అంచుల నునుపు అన్నీ పలక కొలిమిలోకి వెళ్లకముందే పూర్తి కావాలి. బయటికి వచ్చాక దాని మీద ఇలాంటి ఏ మార్పూ సాధ్యపడదు.

పలకను సుమారు 620 నుంచి 650 డిగ్రీల సెల్సియస్ వరకు కాచి, వెంటనే రెండు ముఖాల మీదా చల్లని గాలిని ఉధృతంగా కొడతారు. పై పొరలు ముందు గట్టిపడిపోతాయి. ఆలస్యంగా చల్లారే మధ్యభాగం కుంచించుకోబోతే అవి అడ్డుపడతాయి. ఫలితంగా ఉపరితలం ఎల్లప్పుడూ నొక్కుడులోను, మధ్యభాగం లాగుడులోను ఉండిపోతాయి. గాజు సాధారణంగా పగిలేది ఉపరితలం మీద కంటికి ఆనని గీతలు తెరుచుకోవడం వల్ల కాబట్టి, వాటిని మూసి ఉంచే ఈ నొక్కుడు దానికి మామూలు గాజుకన్నా నాలుగైదు రెట్ల బలాన్ని ఇస్తుంది. తర్వాత కోయబోతే గీత మధ్యభాగాన్ని తాకిన మరుక్షణం పలకంతా చిన్న చిన్న ముక్కలైపోతుంది. బలం పెరిగినా బిరుసుదనం పెరగదు. అందుచేత మరీ పలుచని పలకను ఎంచుకుంటే అది పగలకపోయినా ఊగుతుంది.

చట్రాన్ని పైన, మధ్యన, కింద కొలిచి, నిలువునా అలాగే చేసి, వచ్చిన వాటిలో తక్కువ కొలతను తీసుకుని, చుట్టూ రబ్బరుకు సందు వదలండి. రంధ్రం వ్యాసం పలక మందానికి తగ్గకూడదు, రంధ్రం అంచుకు మరీ దగ్గరగానూ ఉండకూడదు.

తలుపులకు, స్నానపు గది అడ్డుగోడలకు, కార్ల పక్క కిటికీలకు ఇది తగినది. తల మీద కప్పుగా వేసేచోట మాత్రం ఒంటి పలక వద్దు; పగిలినా ముక్కలు రాలకుండా పట్టి ఉంచే లామినేటెడ్ గాజు అవసరం. గాజులో అరుదుగా చిక్కుకునే నికెల్ సల్ఫైడ్ రేణువులు కాలక్రమంలో ఉబ్బి, ఏ దెబ్బా లేకుండానే పలకను పగలగొట్టగలవు. ఎత్తైన చోట్లకు వాడే పలకలను ముందే మళ్లీ వేడిచేసి పరీక్షించే హీట్ సోక్ ప్రక్రియకు పంపమని అడగడం, నా ఉద్దేశంలో, ఖర్చుకు తగిన జాగ్రత్త.

పలక చేతికందాక మూలన అది టఫెన్డ్ గాజని తెలిపే చెరగని గుర్తు ఉందో లేదో చూసి, నాలుగు అంచులనూ వెలుతురులో పరీక్షించండి, ఎందుకంటే ఈ గాజుకు ముఖం కన్నా అంచే బలహీనం. దించేటప్పుడు నేల మీద మెత్తని చెక్క పరచండి. బిగించేటప్పుడు లోహం గాజును నేరుగా తాకకుండా రబ్బరు గానీ నైలాన్ గానీ వేయండి. అంచున పెచ్చు లేచి ఉంటే దాన్ని అరగదీసి సరిచేయాలని చూడకుండా పలకను తిప్పి పంపండి.