జీన్ పేర్లు తేదీలు కాకుండా

హైదరాబాద్‌లో బయాలజీ ప్రాజెక్టులు చేస్తున్న పిల్లల కోసం ఇది. పరిశోధన డేటా పంచుకునే జెనోడో, డ్రయాడ్ సైట్‌ల నుంచి దించుకున్న సీఎస్‌వీ ఫైల్‌ను (కామాలతో విడదీసిన టెక్స్ట్ పట్టిక) డబుల్ క్లిక్ చేస్తే, ఎక్సెల్‌లో సెప్ట్2 అనే జీన్ పేరు కాస్తా సెప్టెంబర్ 2 అయిపోతుంది. ఈ గొడవ వల్లే 2020 నాటికి దాని పేరు సెప్టిన్2గా మార్చారు కానీ, పాత డేటాలో పాత పేరే ఉంటుంది.

ముందు ఖాళీ ఎక్సెల్ తెరవండి. డేటా ట్యాబ్‌లో 'ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ' నొక్కి ఫైల్ ఎంచుకోండి. ప్రివ్యూలో డేటా టైప్ డిటెక్షన్ దగ్గర 'డు నాట్ డిటెక్ట్ డేటా టైప్స్' పెట్టి లోడ్ చేయండి. అన్నీ టెక్స్ట్‌గానే వస్తాయి. లెక్కలు కట్టాల్సిన కాలమ్‌లను మాత్రం తర్వాత నంబర్లుగా మార్చుకోవాలి.

సైట్‌లో అప్‌లోడ్ చేసిన ఫైల్‌లోనే జీన్ పేర్ల బదులు తేదీలు పడి ఉంటే ఇది పనిచేయదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలిసిపోతుంది. అప్పుడు ఎన్‌సెంబుల్ ఐడీ (ఎన్‌సెంబుల్ డేటాబేస్‌లో ప్రతి జీన్‌కూ ఇచ్చే గుర్తింపు కోడ్) కాలమ్ ఉందేమో వెతకండి, దాంతో అసలు పేర్లు రాబట్టుకోవచ్చు.