ఇంటి సంస్కృతిని నోటుబుక్కులోకి ఎక్కించడం: చెన్నై తెలుగు ఇళ్లకు

సంస్కృతి అనగానే చాలామందికి కూచిపూడి, సంక్రాంతి ముగ్గు, పట్టుచీర గుర్తొస్తాయి. 1871లో మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ ఇచ్చిన నిర్వచనం వీటికంటే చాలా పెద్దది. జ్ఞానం, నమ్మకం, కళ, నీతి, చట్టం, ఆచారం, నలుగురిలో బతుకుతూ మనిషి అలవరచుకున్న ప్రతిదీ అందులోకే వస్తుంది. అందులో కీలకం ‘అలవరచుకున్న’ అన్న మాట. ఆకలి పుట్టుకతో వస్తుంది, కుడి చేత్తోనే తినాలన్నది మాత్రం ఎవరో నేర్పితే వస్తుంది.

తరాలుగా చెన్నైలో ఉంటున్న ఇంట్లో ఇదంతా రాసుకోవడానికి ఐదు గళ్లు చాలు: వస్తువులు, మాటలు, బంధుత్వం, కట్టుబాట్లు, నమ్మకాలు. పండగలకు విడిగా గడి పెట్టకండి, ప్రతి పండగలోనూ ఈ ఐదూ ఉంటాయి. 200 పేజీల నోటుబుక్కు, ఫోన్లో రికార్డర్, నెల రోజుల శనాదివారాలు ఉంటే పని మొదలుపెట్టొచ్చు.

మొదట వస్తువులు. ‘మన ఆచారాలేంటి?’ అని అడిగితే పెద్దవాళ్లు పురాణ ప్రవచనంలో విన్నది అప్పజెబుతారు. అదే ఆవకాయ జాడీ తెచ్చి ముందు పెడితే మాటలు వాటంతటవే వస్తాయి. నాలుగు గ్లాసుల ముక్కలకు గ్లాసు ఆవపిండి, గ్లాసు కారం, గ్లాసుకు కాస్త తక్కువ ఉప్పు అని చెబుతారు. అక్కడితో ఊరుకోవద్దు. ఏ గ్లాసో తెప్పించి, నీళ్లు పోసి ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి రాయండి. ఆ గ్లాసు పోయిన రోజున కొలతా పోతుంది. ముక్కలను గ్లాసు అంచుదాకా పోస్తారా, గోపురం కట్టేలా పోస్తారా అన్నదీ చూడండి, ఉప్పు తేడా వచ్చేది అక్కడే.

అదే జాడీ మిగతా గళ్లనూ నింపుతుంది. ఇంట్లో నువ్వులనూనె అనేవాళ్లు కిరాణా కొట్లో ‘నల్లెణ్ణై’ అని అడుగుతారు: ఇది మాటల గడి. మూడో రోజు తిరగకలిపేది ఎవరు, మొదటి జాడీ ఏ కూతురింటికి వెళ్తుంది: ఇది బంధుత్వం. తడి చెయ్యి తగలకూడదన్నది కట్టుబాటు, దానికి కారణం బూజు. బహిష్టయినవాళ్లు ముట్టకూడదన్నదీ కట్టుబాటే, కానీ దాని వెనక ఉన్నది మైల అనే నమ్మకం. ఈ రెండింటినీ ఒకే వరుసలో కలిపి రాయడం అందరూ చేసే పొరపాటు. కారణం అడగండి, చెప్పింది చెప్పినట్టు రాయండి, వాదించకండి. వాదిస్తే మరుసటి వారం ఎవరూ నోరు విప్పరు.

బంధుత్వానికి మానవశాస్త్రవేత్త డబ్ల్యు.హెచ్.ఆర్. రివర్స్ పద్ధతే ఇప్పటికీ మేలు. 1898లో టోరెస్ జలసంధి దీవుల్లో మొదలుపెట్టి, ఆ తర్వాత మన నీలగిరుల్లో తోడ అనే గిరిజనుల దగ్గరా వాడాడు. అందులో కిటుకు ఇది: తల్లి, తండ్రి, బిడ్డ, భార్య, భర్త అనే ఐదు మాటలతోనే ప్రశ్నలు వేసి, ముందు మనుషుల పేర్లతో చెట్టు గీయాలి. ఆ తర్వాతే ఒక్కో పేరు చూపించి ‘ఈయన్ని మీరేమని పిలుస్తారు?’ అని అడగాలి. వరుసలతోనే మొదలుపెడితే తికమకే. ‘అత్త’ అంటే నాన్న చెల్లెలా, మేనమామ భార్యా, భర్త తల్లా? చెన్నై ఇళ్లలో ఇంకో చిక్కు ఉంది. పిన్ని ‘చిత్తి’ అయ్యుండొచ్చు. బాబాయి కొడుకూ మేనత్త కొడుకూ ఇద్దరూ ‘కజిన్’ అయిపోయి ఉండొచ్చు. మన లెక్కలో ఒకడు అన్నో తమ్ముడో, ఇంకొకడు బావో బావమరిదో. పెళ్లి వరుస కలుస్తుందా లేదా అన్నది ఆ తేడాలోనే ఉంది. ఏ తరంలో ఏ మాట మారిందో చెట్టు మీదే రంగు పెన్సిలుతో గుర్తు పెట్టండి.

కట్టుబాటు అడిగితే చెప్పరు, తప్పినప్పుడే బయటపడుతుంది. చెప్పులతో హాల్లోకి వచ్చిన మనిషిని చూడండి: ఎవరూ ఏమీ అనకపోయినా ఇంటిల్లిపాదీ ఆయన కాళ్లకేసే చూస్తారు. అందుకే నోటుబుక్కులో పేజీని నిలువుగా రెండుగా గీసి, ఎడమవైపు కళ్లారా చూసింది, కుడివైపు నోటితో చెప్పింది రాయండి. రెండూ కలవని చోట పక్కన చుక్క పెట్టండి. నా లెక్కలో అసలు సరుకు ఆ చుక్కల దగ్గరే ఉంటుంది.

ఇంట్లో ఏ పంచాంగం చూస్తారో తప్పకుండా అడగండి. ఉగాది చాంద్రమానం, తమిళ సంవత్సరాది సౌరమానం. అది ఏప్రిల్ 14 ప్రాంతంలో వస్తుంది. రెండు పండగల పచ్చళ్లలోనూ వేపపువ్వు పడుతుంది కాబట్టి చాలా ఇళ్లలో ఇవి కలిసిపోతాయి. మన ఆషాఢం, తమిళుల ఆడి మాసం ఒకటి కావు. ఆడి జులై మధ్యలో మొదలవుతుంది, ఆషాఢం అమావాస్యతో ముగుస్తుంది. రెండింటినీ పాటించే ఇంట్లో పెళ్లి ముహూర్తాలు ఎన్ని వారాలు ఆగుతాయో లెక్కేసి రాయండి.

పెద్దవాళ్లకు సంవత్సరాలు గుర్తుండవు, ఘటనలు గుర్తుంటాయి. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం రావడం, 1996లో మద్రాసు చెన్నై కావడం, 2004 డిసెంబర్ 26 సునామీ, 2015 డిసెంబర్ వరదలు: ‘అది దీనికి ముందా, తర్వాతా?’ అని అడిగితే చాలు.

రికార్డింగ్ ఒక్కోటి 20 నిమిషాలు దాటనివ్వకండి. గంట మాటను కాగితం మీద పెట్టాలంటే నాలుగైదు గంటలు కూర్చోవాలి. రాసేటప్పుడు ‘రసం’ అన్నదాన్ని ‘చారు’ అని దిద్దకండి. ఆన్ చేసే ముందు అడగండి, అయ్యాక వినిపించండి, తీసేయమన్న ముక్క వాళ్ల ముందే తీసేయండి. ఫైలు పేరులో తేదీ, మాట్లాడినవాళ్ల వరుస, వస్తువు పేరు ఉండాలి: ‘2025-05-11-అమ్మమ్మ-జాడీ’.