పాప గుమ్మం దాటడం లేదా? చిక్కు ఎక్కడుందో ఇలా వెతకండి

ఉదయం ఎనిమిదింబావు. బ్యాగు భుజాన ఉంది, స్కూటర్ తాళం చేతిలో ఉంది. మూడేళ్ళ పాప మాత్రం ఒక కాలికే చెప్పుతో నేల మీద పడుకుని ఏడుస్తోంది. హైదరాబాద్‌లో మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తూ పాపను ప్లే స్కూల్లో దింపడం మొదలుపెట్టి ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్ళలో నాకు అర్థమైంది ఒకటే. గుమ్మం దగ్గర కనిపించే మొండితనానికి కారణం చాలాసార్లు గుమ్మం దగ్గర ఉండదు. అరగంట ముందో, ముందురోజు రాత్రో ఉంటుంది. ఏడాదిన్నర నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలున్న ఇళ్ళకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను.

సమస్య: లేచిన దగ్గర్నుంచీ ఏడుపే, ఏది ముట్టుకున్నా పేచీ

ముందు నిద్ర లెక్క చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పగటి కునుకుతో కలిపి 1–2 ఏళ్ళ పిల్లలకు 11 నుంచి 14 గంటలు, 3–4 ఏళ్ళ వాళ్ళకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. మా ఇంట్లో పాప పడుకునేసరికి రాత్రి పదకొండయ్యేది, ఏడింటికి లేపేవాళ్ళం. మధ్యాహ్నం గంట కలిపినా తొమ్మిదే. రోజూ కనీసం గంట నిద్ర తక్కువైన పిల్లను పట్టుకుని "ఎందుకింత మొండి" అని అడుగుతున్నామన్నమాట.

మేం పాప భోజనాన్ని ఏడున్నరకు మార్చాం. పడుకునే టైమును రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున ముందుకు జరుపుతూ తొమ్మిదికి తెచ్చాం. ఇందులో కష్టం వాళ్ళ నాన్నదే. ఆయన ఇంటికొచ్చేదే తొమ్మిదికి, ఆడుకోవడానికి ఆ కాసేపే దొరికేది. ఆ ఆటను ఉదయం పదిహేను నిమిషాలకు మార్చుకున్నారు. ఇప్పుడు నాన్నతో ఆడుకోవచ్చని పాప తనంతట తనే లేస్తోంది.

సమస్య: "ఐదు నిమిషాల్లో వెళ్దాం" అని ఎన్నిసార్లు చెప్పినా కదలదు

ఐదు నిమిషాలంటే ఎంతో ఆ వయసుకు తెలియదు. మనం చెప్పింది దాని చెవిన పడుతుంది కానీ అందులో పట్టుకోవడానికి ఏమీ ఉండదు. వంటింట్లోంచి కేకేయకుండా దగ్గరకెళ్ళి, పక్కన కూర్చుని, టైముకు బదులు పని చెప్పండి. "ఈ మూడు బ్లాకులు పేర్చేశాక చెప్పులు వేసుకుందాం." ఆట పూర్తయితే కదలడం తేలిక. పూర్తి కాకపోతే బొమ్మను గేటు దాకా తెచ్చుకోనివ్వండి, అక్కడ దానికి టాటా చెప్పించండి.

టిఫిన్ తినిపించడానికి ఫోన్ ఇస్తున్నారా? అయితే చిక్కు అక్కడే ఉంది. కార్టూన్ సగంలో లాక్కుంటే వచ్చే ఏడుపును ఏ మాటా ఆపలేదు. ఉదయం పూట ఫోన్ మానేశాక మొదటి నాలుగు రోజులు మా పాప సరిగా తినలేదు. ఐదో రోజు నుంచి తింది.

సమస్య: చెప్పులు వేసుకోదు, వేస్తే విప్పేస్తుంది

ఇక్కడ మూడు కారణాలు ఉండొచ్చు, మూడూ వేరు వేరు.

"నేనే వేసుకుంటా" అని ఏడుస్తుంటే అది మంచి సంగతే, కానీ చేత కాక విసుక్కుంటోంది. పిల్లలకు విప్పడం ముందు వస్తుంది, వేసుకోవడం తర్వాత వస్తుంది. బకిల్ మానేసి వెల్క్రో ఉన్నవి కొనండి. చిన్న పీట మీద కూర్చోబెట్టి, పాదం మీరు లోపలికి దూర్చండి, పట్టీ తనను నొక్కనివ్వండి. దీనికి ఐదు నిమిషాలు పడుతుంది. ఆ ఐదు నిమిషాలు ముందే లెక్కలో పెట్టుకోండి.

వేసిన వెంటనే విప్పేస్తుంటే పాదం చూడండి. మా పాప వారం రోజులు బూట్లు విసిరేసింది, మేం కోప్పడ్డాం. చివరికి చూస్తే చిటికెన వేలి మీద ఎర్రగా కమిలి ఉంది. బూట్లు చిన్నవైపోయాయి. నిలబెట్టి, వేళ్ళ ముందు మన బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉందో లేదో రెండు నెలలకోసారి చూడాలని ఆ రోజే నేర్చుకున్నాను. సాక్సు కుట్టు వేళ్ళ కింద నలిగినా ఇలాగే చేస్తారు.

ఇక మూడోది, మన ప్రశ్న. "వేసుకుంటావా?" అంటే "వద్దు" అనే అంటారు. "ఎర్రవా, నీలంవా?" అని అడగండి. రెండే, మూడోది వద్దు.

సమస్య: తలుపుకు తాళం వేశాక "అమ్మా, కక్క!"

కావాలని చేయడం కాదు. కడుపులో తిండి పడగానే పేగులు కదులుతాయి, చాలామంది పిల్లలకు తిన్న కాసేపటికే వస్తుంది. టిఫిన్‌ను అరగంట ముందుకు జరిపి, తిన్నాక కాసేపు టాయిలెట్‌లో కూర్చోబెట్టండి.

సమస్య: స్కూటర్ మీద హెల్మెట్ పెట్టుకోదు

దీంట్లో మాత్రం బేరం లేదు. 2023 ఫిబ్రవరి 15 నుంచి కేంద్ర నిబంధన ప్రకారం తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు హెల్మెట్, పిల్లను బండి నడిపేవాళ్ళతో కలిపి పట్టి ఉంచే సేఫ్టీ బెల్టు ఉండాలి, బండి గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు. బయలుదేరేటప్పుడు మొదటిసారి పెడితే ఎవరైనా ఏడుస్తారు. సాయంత్రం ఇంట్లోనే అద్దం ముందు ఆటలా పెట్టి చూపించండి. ముందు మీరు పెట్టుకోండి. సరిగ్గా బండి ఎక్కేటప్పుడే తగిలించండి, ఇంట్లోంచే పెడితే ఉక్కపోతకు విసుగొస్తుంది.

సమస్య: కాళ్ళు చుట్టేసుకుని వదలదు

అమ్మ వెళ్ళిపోతే మళ్ళీ రాదేమోనన్న భయం ఇది. ఎవరో చెప్పారని ఒకసారి పాప చూడకుండా జారుకున్నాను. ఆ తర్వాత పది రోజులు బాత్రూమ్‌కి వెళ్ళినా నా చున్నీ వదల్లేదు. "నువ్వు రాకపోతే మేం వెళ్ళిపోతాం", "బూచాడు వస్తాడు" అనే మాటలు కూడా ఈ భయాన్నే పెంచుతాయి.

మా అత్తగారు ఇంట్లో ఎవరినీ "వెళ్తాను" అననివ్వరు, "వెళ్ళొస్తాను" అనాలంటారు. పాప విషయంలో ఆ మాట విలువ నాకు బాగా తెలిసింది. తిరిగి వస్తానన్న మాట అందులోనే ఉంది. దానికి తోడు తీసుకెళ్ళడానికి ఎవరు, ఎప్పుడొస్తారో తనకు తెలిసిన గుర్తుతో చెప్పండి. "నువ్వు నిద్ర లేచి పాలు తాగేసరికి నాన్నమ్మ వస్తుంది." ఒక ముద్దు, వెళ్ళొస్తా, అంతే. అక్కడే నిలబడి బతిమాలుతూ ఉంటే ఏడుపు పెరుగుతుంది. చెప్పిన టైముకు మాత్రం తప్పకుండా రావాలి.

నేల మీద పడి దొర్లుతున్నప్పుడు ఇవేవీ పనిచేయవు. రెండు నిమిషాలు పక్కన కూర్చోండి, మాటలు తగ్గించండి. ఊపిరి కుదుటపడ్డాక ఎత్తుకుని బయలుదేరండి.

నవ్వుతూ వెళ్ళే పిల్ల ఉన్నట్టుండి వెళ్ళనని భయపడితే ఈ చిట్కాలన్నీ పక్కన పెట్టండి. జ్వరం ఉందా, చెవి పట్టుకుంటోందా, ఒంటి మీద దెబ్బలున్నాయా చూడండి. స్కూల్లో కొత్తగా ఎవరైనా వచ్చారా అని అడగండి. ఆ రోజు ఆఫీసుకు ఆలస్యమైనా సరే, గేటు దగ్గర దింపి వెళ్ళకుండా పాపతో పాటు లోపలికి వెళ్ళి టీచర్‌తో మాట్లాడండి.