మతం వెలుపల ఆధ్యాత్మిక సాధన: గోదావరి డెల్టా వారికి కొన్ని సూచనలు

గుడి గానీ, చర్చి గానీ, మసీదు గానీ మనిషికి నమ్మకంతో పాటు ఒక వేళనూ, ఒక చోటునూ, కష్టసుఖాల్లో తోడుండే మనుషులనూ ఇస్తాయి. ఏ మతానికీ చెందకుండా ఆధ్యాత్మికంగా జీవించాలనుకునేవారు ఈ మూడింటినీ తామే సమకూర్చుకోవాలి. ఆ ఏర్పాటు చేసుకోకుండా దేవుడు ఉన్నాడా లేడా అని ఎంతకాలం వాదించినా సాధన నాలుగు నాళ్ళకే చల్లబడుతుంది.

వేళకు తెల్లవారుజాము మేలు. చోటు కోసం దూరం పోనక్కరలేదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత విస్తరించిన కాలువల వల్ల మన ఊళ్ళలో చాలావాటికి గట్టు దగ్గరలోనే ఉంటుంది. ఫోను ఇంట్లో వదిలి, రోజూ ఒకే చోట అరగంట కూర్చోండి. మొదట శ్వాసను గమనించి, తరువాత ఎదుట ఉన్న ఒక్క వస్తువు మీద చూపు నిలపండి. గుర్రపుడెక్క తెప్పలా కొట్టుకొచ్చి వంతెన స్తంభానికి ఆనుకుని, నెమ్మదిగా తిరిగి, ఒక పక్క నుంచి విడిపోయి సాగిపోవడాన్ని దాని నుంచి ఏ నీతీ తీయకుండా చివరిదాకా చూడగలిగితే ఆనాటి సాధన జరిగినట్టే. వేసవిలో కాలువ కట్టేసినప్పుడు నెర్రెలిచ్చిన బురదా, మడుగుల్లో మిగిలిన చేపలూ, వాటి వాసనా తప్ప అక్కడ ఏమీ ఉండవు. అప్పుడు చోటు మార్చకండి. పారే నీటిని మాత్రమే కోరుకునే మనసుకు ఆ రెండు నెలలే అసలైన శిక్షణ అని నా అభిప్రాయం.

ఏ సంప్రదాయం నుంచైనా ధ్యానపద్ధతిని గౌరవంగా తీసుకోవచ్చు కానీ, ఒకటి ఎంచుకుని కనీసం ఏడాది పాటు దానినే పాటించాలి.

ఇంటివారితో వ్యవహారం అన్నిటికంటె కష్టం. తండ్రి తద్దినం నాటి ఉదయం పురోహితుడి ఎదుట అభ్యంతరం చెప్పడం తల్లిని గాయపరుస్తుంది. వారం ముందే, "అమ్మా, నాన్నగారి తద్దినానికి వస్తాను, సరుకులు తెస్తాను, వడ్డిస్తాను, కర్తగా మాత్రం తమ్ముడు కూర్చుంటాడు" అని చెప్పి, తమ్ముడిని కూడా ముందుగానే ఒప్పించాలి. కనుమ నాడు, వెదురుతో కట్టిన ఎత్తైన ప్రభల మీద దేవుళ్ళను ఊరేగించే కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి ఊరంతా కదిలితే మీరూ వెళ్ళండి. ప్రభను భుజానికెత్తుకోవడం విశ్వాసప్రకటన అవుతుందనిపిస్తే పక్కన నడవండి. ఊరి నుంచి వేరుపడవలసిన పని లేదు.

ప్రార్థన ఆచరణగా మారడం ఈ నేలకు కొత్త కాదు. ఏకేశ్వరోపాసన వైపు మొగ్గిన కందుకూరి వీరేశలింగం 1881లో రాజమహేంద్రవరంలో ఎంతో వ్యతిరేకత మధ్య తొలి వితంతు వివాహం జరిపించారు. మీ సాధనలోనూ ఇతరులకు ఉపయోగపడే ఒక పని ఉండాలి. వరద తీసిన తరువాత లంక గ్రామాల ఇళ్ళలో పేరుకున్న బురద ఎత్తిపోయడానికి మనుషులు ఎప్పుడూ చాలరు.

తోడుగా ఇద్దరు ముగ్గురు దొరికితే నెలకొకసారి కలిసి మౌనంగా కూర్చోండి. ఆ కూటమికి పేరు పెట్టడం, చందాలు వసూలు చేయడం, ఒకరిని గురువుగా నిలపడం మొదలైతే విడిచిపెట్టి వచ్చినదే మళ్ళీ ఇంట్లోకి వస్తుంది.

చట్టం మీకు అడ్డు కాదు. రాజ్యాంగంలోని 25వ అధికరణం అంతఃకరణ స్వేచ్ఛనిస్తుంది. మతక్రతువు లేని పెళ్ళికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దాని కింద 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ముగ్గురు సాక్షులు సంతకం చేయాలి. మరణానంతరం ఏ క్రతువూ వద్దనుకుంటే, లేదా దేహాన్ని వైద్య కళాశాలకు ఇవ్వాలనుకుంటే, ఆ కోరికను కాగితం మీద రాసి భార్యకో, భర్తకో, పిల్లలకో చదివి వినిపించండి. ఆనాడు నిర్ణయం తీసుకోవలసినది వారే కనుక, వారు ఏదైనా ఒక్క కర్మ తమ మనశ్శాంతి కోసం జరిపించుకుంటామంటే దానికి అనుమతిని కూడా అదే కాగితంలో రాయండి.